నల్ల మీగడ

మీగడ గిన్నె మూత తీసేసరికి మీగడ బూడిద రంగులో ఉంది. పులిసిన మీగడ నాకు తెలుసు, బూజు పట్టిన మీగడ తెలుసు. ఇది ఆ రెండూ కాదు. పెన్సిలు ముల్లును అరగదీసి పైన చల్లినట్టు, అంచుల దగ్గర ముదురుగా, నడుమ లేతగా ఉంది. చెంచాతో గీస్తే అడుగున తెల్లగానే ఉంది. అంటే అది లోపలినుంచి పాడవలేదు. పైనుంచి ఏదో దిగుతోంది.

"మూత సరిగ్గా పెట్టి ఉండవు," అన్నారు మా ఆయన, బూట్ల తాళ్లు ముడేసుకుంటూ. తల కూడా ఎత్తలేదు.

నమ్మాను. ఇంట్లో ఏది చెడినా ముందు నా చేతినే అనుమానించుకోవడం నాకు అలవాటు. పప్పు అడుగంటినా, పాపకు జలుబు చేసినా, హైదరాబాదు నుంచి మా అత్తగారు ఫోన్లో అడిగే మొదటి మాట "నువ్వేం చేశావమ్మా?" అనే. మీగడ పారబోసి, గిన్నె తోమి, ఫ్రిజ్‌లో సామానంతా బల్ల మీదికి దించి వంటసోడా నీళ్లతో అరలన్నీ తుడిచాను. పై అరలో, బాగా వెనగ్గా, టేపు చుట్టిన ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటుంది. అది ఆయనది. తెచ్చి పెట్టిన రోజే, "ఇందులో శాంపుల్స్ ఉన్నాయి. కదిపితే నెలల కష్టం పోతుంది. నీ తుడుపులూ కడుగుళ్లూ దీని జోలికి రానివ్వకు," అని చెప్పారు. అందుకని దాన్ని కదపకుండా చుట్టూ తుడిచాను. ఈతకొలనులో కలిపే మందులాంటి వాసన సన్నగా తగిలింది. ఆ సాయంత్రమంతా నా కళ్లు మండాయి. సోడా పడిందేమో అనుకున్నాను.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లకు ఓటు వచ్చిన ఎన్నికలైన మరుసటి ఏడు మేం డర్బన్ వచ్చాం. ఆయనకు యూనివర్సిటీలో ఉద్యోగం, సిడెన్‌హామ్‌లో కొండవాలు మీద అద్దె ఇల్లు. ఆయన పాస్‌పోర్టులో పని చేసుకోవచ్చని ముద్ర వేశారు, నా పాస్‌పోర్టులో ఆయన భార్యనని ముద్ర వేశారు. విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినప్పుడు మా ఇద్దరివీ పక్కపక్క బల్లలే. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయన పై అధికారి ట్రెవర్ ఇంటికి విందుకు పిలిస్తే వెళ్లాం. "మీరేం చేస్తుంటారు?" అని ట్రెవర్ నన్ను మర్యాదగానే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, "డర్బన్ మొత్తానికి మంచి రసం పెడుతుంది," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటికి వస్తున్నంతసేపూ నా ముఖం మీద అలాగే ఉండిపోయింది. కారు అద్దంలో చూసుకుని తీసేశాను.

ఆయన కనిపెడుతున్న పద్ధతేమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. వ్యాసాలన్నీ టైపు చేసేది నేనే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కన్ను లాంటిది. జీవకణంలో ఏది ఎక్కడుందో చూపిస్తుంది కానీ అదేమిటో చెప్పలేదు. మాస్ స్పెక్ట్రోమీటరు త్రాసు లాంటిది. ఒక్కొక్క అణువునూ తూచి అదేమిటో చెబుతుంది కానీ ఏ మూలనుంచి వచ్చిందో చెప్పలేదు. ఆ రెంటినీ ఒకచోట కలపాలని ఆయన తాపత్రయం. కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, ఒక పొరను చూసి, దాని పక్కపొరను తూచాలి. చిక్కల్లా మైక్రోస్కోపు దగ్గరే వచ్చింది. బొమ్మ తేటగా పడడానికి పొరను మందు నీళ్లలో ముంచితే అందులోని కొవ్వు చోటు మారిపోతోంది. ఒక ఆదివారం పాప తలకు సాంబ్రాణి పొగ వేస్తూ, "తడిపితే కదులుతుంది సరే, ఇలా ఆవిరి పట్టిస్తే?" అన్నాను. ఆయన కాఫీ కప్పు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారు. తర్వాత నేను టైపు చేసిన వ్యాసంలో ఆ ఆవిరి పద్ధతి "రచయిత రూపొందించినది" అయింది. చివర కృతజ్ఞతల్లో నా పేరు ఉంది, ఓర్పుతో టైపు చేసినందుకు. ఆ వాక్యాన్ని కూడా నేనే టైపు చేశాను, తప్పుల్లేకుండా.

మీగడ పారబోసిన వారమంతా ఇల్లు బిగించే ఉంచాం. దొంగల భయంతో వీధిలో అందరూ కిటికీలకు ఇనుప కమ్మీలు పెట్టించుకుంటున్నారు. కమ్మీల సందులోంచి కోతులు చెయ్యి పెట్టి రొట్టె లాక్కుపోతాయని నేను వంటింటి కిటికీ అద్దాలు కూడా తెరిచేదాన్ని కాదు. మా పాప జాహ్నవి ఫ్రిజ్ పక్కన బల్ల దగ్గరే కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది. "అమ్మా, లైటు చుట్టూ వానవిల్లు!" అంది ఒక సాయంత్రం. తలెత్తి చూశాను. నిజమే, బల్బు చుట్టూ రంగుల వలయం. "ఎంత బాగుందో కదా," అన్నాను. దాని వలయాన్ని అదీ, నా వలయాన్ని నేనూ చూసుకుంటూ ఇద్దరం ఆనందించాం.

తేడా ముందు పట్టుకున్నది పక్కింటి పెర్ల్ అక్క. ఆమె ముత్తాతలు చెరుకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్లు. ఆమె బతుకంతా ఇంగ్లీషులోనే గడిచింది. ప్రార్థనలూ, కూరల పేర్లూ, తిట్లూ, నాతో మాట్లాడే నాలుగు ముక్కలూ మాత్రం తెలుగులో మిగిలాయి. శనివారం తన మనవరాలు మేగన్‌తో పాటు మా పాపను కూడా ఉంజింటో అనే ఊళ్లో తన చెల్లెలి ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు దింపింది. వెళ్లేటప్పుడు ఎర్రగా ఉన్న పాప కళ్లు వచ్చేసరికి తేటపడ్డాయి. బుధవారం పొద్దున పాపను స్కూలు వ్యాను ఎక్కించి వస్తుంటే పెర్ల్ అక్క గోడ మీదినుంచి కేకేసింది.

"యో! పాప కండ్లు మళ్లీ టమాటా. మా కాడ బాగుండె కదా. నీ ఇంట్లో ఏముంది, మ్యాన్?"

"దుమ్మేమో, పెర్ల్ అక్కా."

"దుమ్ము? నీ ఇంట్లో? నువ్వు దుమ్ముని కూడా సోప్ పెట్టి కడుగుతావు, నేను ఎవ్రీ డే చూస్తా. పిచ్చిమొహం! డాక్టర్ కాడ పో."

నవ్వుకుంటూ లోపలికి వచ్చి ఫ్రిజ్ తెరిచాను. కొత్తగా పోగేసిన మీగడ నల్లగా ఉంది. ఈసారి బూడిద రంగు కాదు, కాటుక. దాని పక్కనున్న వెన్న ముక్క అంచులు కూడా నల్లబడ్డాయి. పైన ఐస్‌క్రీమ్ డబ్బా మూత కూడా నల్లటి పొర పట్టి ఉంది.

అప్పుడు నా వేళ్లకు గుర్తొచ్చింది. బుర్రకంటే ముందు వేళ్లకే. మా ఆయన ఆవిరి పట్టించే మందు, ఆస్మియం టెట్రాక్సైడ్, కొవ్వు తగిలిన చోటల్లా నల్లబడుతుంది. ఆ నలుపే మైక్రోస్కోపులో బొమ్మగా కనబడుతుంది. ఆ వాక్యం టైపు చేశాను. దాని కింద జాగ్రత్తల పేరాలో ఇంకో వాక్యం. దాని ఆవిరి కంటి పైపొరను కూడా అలాగే పట్టుకుంటుంది, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించడం తొలి సూచన. అది కూడా నేనే టైపు చేశాను. కామా ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను గానీ కన్ను గురించి ఆలోచించలేదు.

ఫ్రిజ్ తలుపు మూసి, కిటికీలన్నీ బార్లా తెరిచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఆయనకు తెలియక పెట్టారనే అనుకున్నాను మొదట. మూత వదులైందని తెలిస్తే అదిరిపడతారనుకున్నాను. ఎలా చెప్పాలో మాటలు కూడబలుక్కుంటూ ఉండగా ఇంకొకటి తట్టింది. పాలు లేని టీ ముట్టని మనిషి కొన్నాళ్లుగా నల్ల టీ తాగుతున్నారు. అడిగితే కొలెస్ట్రాల్ అన్నారు. పెరుగన్నం తినందే చెయ్యి కడగని మనిషి, మధ్యాహ్నం క్యాంటీన్లో తింటాను, క్యారియరు వద్దన్నారు. "నీకెందుకు శ్రమ," అన్నారు. పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. సంతోషపడ్డాను కూడా, పిచ్చిదాన్ని. ఆ ఫ్రిజ్‌లోంచి ఆయన ఏమీ తినడం లేదు. నేనూ పాపా తింటున్నాం.

పెర్ల్ అక్క ఇంట్లోంచి ఆయనకు ఫోన్ చేస్తుండగానే గేటు దగ్గర స్కూలు టీచరు కారు ఆగింది. పాప ఎండలో కళ్లు తెరవలేకపోతోందట. రెండు కళ్లూ చేతులతో మూసుకుని తడుముకుంటూ దిగింది. మా ఇంటివైపు అడుగేస్తుంటే పట్టుకుని పెర్ల్ అక్క వరండాలో కూర్చోబెట్టాను. కుళాయి నీళ్లతో కడిగాను, మళ్లీ కడిగాను. పాప ఏడవడం లేదు. "అమ్మా, నువ్వు పొగమంచులో ఉన్నావు," అంది, అంతే.

ఆయన వచ్చాక గేటు దగ్గరే అడిగాను.

"ఆ డబ్బాలో ఏముందండీ?"

"శాంపుల్స్ అని చెప్పానుగా."

"ఆస్మియం."

"మూత గట్టిగానే పెట్టాను," అన్నారు. కాదనలేదు.

"ల్యాబులో ఎందుకు పెట్టలేదు?"

"ఎక్కడ పెట్టమంటావు? ఆ మేవిస్ అని కొత్త సేఫ్టీ ఆఫీసరు, నిన్నగాక మొన్న కుర్చీ ఎక్కింది. గాలి లాగే ఫ్యాను పనిచెయ్యడం లేదని గది మొత్తానికి తాళం వేసింది. శుక్రవారం పరిశోధనకు గ్రాంటు ఇచ్చేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఫ్యాను బాగయ్యేదాకా కూర్చుంటే నా పద్ధతి ఇంకెవడో చేసి చూపిస్తాడు. రాత్రికి గరాజులో పెట్టేస్తాను. రెండు రోజులు ఓర్చుకోలేవా, విమలా?"

"మీరు పాలెందుకు మానేశారు?"

కారు తాళాల కోసం జేబు తడుముకున్నారు.

పెర్ల్ అక్క అప్పటికే ఫోన్ చేసి వచ్చింది. "కోగీకి చెప్పినా. కంటి డాక్టర్. తమిళ్ పీపుల్ పిల్ల, తమిళ్‌లో తిట్టడం మాత్రం వస్తది, తెలుగు జీరో. మంచి పిల్ల. నౌ-నౌ పో, టాక్ చెయ్యకు." పాప నుదుటి మీద చెయ్యి పెట్టి "దేవా, కాపాడు" అని పదానికి పదం కూడబలుక్కుంటూ ప్రార్థన చేసింది. తర్వాత మా ఆయన వైపు తిరిగి ఒక్క తిట్టు తిట్టింది. అది మా అమ్మమ్మల కాలం తిట్టు. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు.

పాప నా ఒళ్లో తడిగుడ్డ కప్పుకుని పడుకుంది. దారిలో ఆయన నెమ్మదిగా మాట్లాడారు. ఆయనకు కోపం వస్తే గొంతు ఇంకా మెత్తబడుతుంది.

"మిరప్పొడి పడిందని చెబుదాం. మన ఇళ్లల్లో మామూలేగా. కడుగుతారు, చుక్కలు వేస్తారు, తగ్గిపోతుంది. ఆ మందు పేరు బయటికొస్తే యూనివర్సిటీకి తెలుస్తుంది. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది. నీదీ, పాపదీ కూడా."

పాప కళ్ల మీది తడిగుడ్డను తిప్పి వేశాను.

"అసలు అది నీ ఆలోచనే కదా, విమలా. ఆవిరి సంగతి చెప్పింది నువ్వే. నేనేం మర్చిపోలేదు. వచ్చే వ్యాసంలో నా పేరు పక్కన నీ పేరు కూడా వేస్తాను. నీది నువ్వే పాడుచేసుకుంటావా?"

అది నా ఆలోచనేనని ఆయన అంటే వినాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు విన్నాను, పాప వేడి చెంప నా అరచేతిలో ఉండగా. ఆ మాట నాలో ఏ చోటా తగల్లేదు. కిటికీ అద్దం దించి గాలి పాప ముఖానికి తగిలేలా సర్దుకున్నాను.

డాక్టర్ కోగీ చిన్న మనిషి, చేతులు చల్లగా ఉన్నాయి. గది చీకటి చేసి, సన్నటి వెలుగు పాప కళ్లలోకి వేసి చాలాసేపు చూసింది. పాప నా చీర కొంగును నోట్లో కుక్కుకుంది. మా ఆయన ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పుకుపోయారు. వంటిల్లు, మిరప్పొడి డబ్బా, ఆడపిల్లల అల్లరి. చివర చిన్నగా నవ్వారు కూడా.

డాక్టరు నవ్వలేదు. "మిరప్పొడి అయితే రెండు కళ్లూ ఇంత సమానంగా పాడవవు," అని నా వైపు తిరిగింది. "ఇంట్లో ఉండేది మీరు. మీరు చూశారా?"

"మిరప్పొడి కాదు," అన్నాను. మందు పేరు చెప్పాను. ఆమెకు అలవాటు లేని పేరు, అక్షరం అక్షరం విడదీసి చెబితే రాసుకుంది. అది ఎక్కడుందో, ఎలా ఆవిరవుతుందో, దీపం చుట్టూ ఏం కనబడుతోందో, పాపకూ నాకూ ఎప్పటినుంచి మండుతోందో వరసగా చెప్పాను. తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు నా గొంతు నాకే వింతగా వినిపించింది. డాక్టరు రాస్తున్న చెయ్యి ఆపి, నా గడ్డం పట్టుకుని నా కళ్లు కూడా వెలుగులో చూసింది. "పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తాను. ఈ రాత్రి పాప అక్కడే ఉండాలి. చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను," అంది.

అప్పుడు మా ఆయన పాప పక్కన వంగి దాని జుట్టు నిమరడం మొదలుపెట్టారు. నిమురుతూ, ముఖంలో ఆ మెత్తదనం చెదరకుండా, పాపను బుజ్జగిస్తున్నట్టే నాతో తెలుగులో అన్నారు:

"కెమిస్ట్రీ నువ్వూ చదివావు. ఫ్రిజ్ నీది, వంటిల్లు నీది. పద్ధతి నీదేనని అందరికీ చెబుతాను. నాకు తెలియకుండా తెప్పించుకుని ఇంట్లో ప్రయోగం చేసింది నువ్వేనంటాను. ఎవరు నమ్మరు? ఇంకొక్క మాట మాట్లాడితే పాపను తీసుకుని హైదరాబాదు విమానం ఎక్కుతాను. నువ్వు దాన్ని మళ్లీ చూడవు."

డాక్టరు ఫోన్ అందుకోబోతూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తండ్రి బిడ్డను ఓదారుస్తున్నాడనుకుని ఉంటుంది.

"డాక్టర్, ఒక్క నిమిషం ఆగండి," అన్నాను ఇంగ్లీషులో. "మా ఆయన ఇప్పుడు ఏమన్నారో మీకు ఒక్క మాట కూడా వదలకుండా చెబుతాను. అది కూడా రాసుకోండి."