రిబ్బను పట్టుకుని కన్నది

పోయిన కాన్పుకు నికోలసాను ఇదే ఆసుపత్రిలో ఇనుప మంచం మీద వెల్లకిలా పడేసి, కాళ్లు పట్టీలతో బిగించారు. వాళ్లమ్మ సటుర్నీనా గేటు బయట గొంతు చించుకుంది. అందుకే ఈసారి నికోలసాది ఒకటే పట్టు: గొంతుక్కూర్చుని, తాడు పట్టుకుని, నడుం వెనక అమ్మను పెట్టుకుని కనాలి. కుస్కో కొండల్లో ఆడవాళ్లు కనేది అలాగే. కొత్తగా వచ్చిన చట్టమూ అందుకు సరేనంది.

ఆ చట్టం చక్కగా చట్రంలో గోడకు వేలాడుతోంది. దాని పక్కనే కొత్త పురిటిగది. దూలానికి తాడు, నేల మీద గొర్రెతోళ్లు, మూలన పొయ్యి. గుమ్మానికి అడ్డంగా వెడల్పాటి ఎర్ర రిబ్బను.

"లోపలికి పోకూడదు తల్లీ," అంది పురుళ్ల నర్సు రెబేకా. "ఇంకా ప్రారంభం కాలేదు."

"నాకు అయ్యింది," అంది నికోలసా పొట్ట పట్టుకుని.

"మంత్రిగారు దారిలో ఉన్నారు."

"బిడ్డ కూడా దారిలోనే ఉంది!" అంది సటుర్నీనా.

పళ్లెంలో కత్తెరతో ఆసుపత్రి డైరెక్టరు ఎల్యోడోరో దిగాడు, వెనక బ్యాండుమేళం. "ఈ గది మీలాంటి వాళ్ల కోసమేనమ్మా. అందుకే ముట్టుకోవద్దంటున్నా. పక్క గదిలో మంచం ఖాళీ. ఈ ఒక్కసారికి పడుకో."

మంచం మాట వినగానే నికోలసా కాళ్లకు పాత పట్టీలు గుర్తొచ్చాయి. అంతలో పెద్ద నొప్పి. ఆసరాకు చెయ్యి చాపితే దొరికింది రిబ్బనే. రెండు చేతులా మెలిపెట్టి, గడపలోనే గొంతుక్కూర్చుంది. ద్వారబంధం కిర్రుమంది గానీ రిబ్బను తెగలేదు. సర్కారు కొన్నవాటిలో గట్టిది అదొక్కటే. సటుర్నీనా వెనక నుంచి నడుం పట్టుకుంది.

మంత్రి రానే వచ్చాడు. బ్యాండు జాతీయగీతం ఎత్తుకుంది. అందరూ బిగుసుకుని నిలబడ్డారు. రెబేకా ఒక్కతే లోపలి గొర్రెతోలొకటి లాగి పరిచి, చేతులు చాపి మోకరించింది.

"మరి కత్తిరించేదా?" అన్నాడు మంత్రి కత్తెర అందుకుని.

"తెంపి చూడు, నిన్నా మంచానికి కట్టేయిస్తా!" అని అరిచింది నికోలసా.

ఎత్తిన కత్తెర ఎత్తినట్టే ఉండిపోయింది. బూరను మించిన కేకతో ఆడపిల్ల రెబేకా చేతుల్లోకి జారింది.

పిల్లను తల్లి గుండెలకు చేర్చేదాకా ఓపికపట్టి, మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడైనా...?"

"ఆగు నాయనా," అంది సటుర్నీనా, కూతురి నడుం వదలకుండానే. "ఇంకా మాయ పడాలి."

మంత్రి ఆగాడు. బ్యాండు గీతాన్ని మళ్లీ మొదటి నుంచి అందుకుంది.