మిద్దె మీద పాట

పాట ఆగిందంటే బెల్లం పోతున్నట్టే. ఇది శ్రీపతి సేటు స్వయంగా కనిపెట్టిన సూత్రం. మిర్యాలగూడలో రైసు మిల్లు నడిపే సేటుకు బియ్యంలో నూకలు ఎంత కలపాలో తెలిసినట్టే, కూలివాళ్ల నోళ్లను ఎట్లా కట్టేయాలో కూడా తెలుసు. పాడే నోరు నమలలేదు గదా!

సాగర్ కాలువ నీళ్లు వచ్చి మిల్లు తెరిపి లేకుండా తిరగడం మొదలయ్యాక, తాతల నాటి మట్టి మిద్దె సేటుకు నామోషీ అయింది. వానకు కారే ఆ మిద్దెను తీసేయించి, కొత్త దూలాలెత్తి, సున్నపు డాబా వేయిస్తున్నాడు. సిమెంటుకైతే పర్మిట్ కావాలి, పర్మిట్‌కు చేతులు తడపాలి. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అంత పని చేస్తాడా? సున్నమైతే ఇల్లు చల్లగా ఉంటుందని ఊరందరికీ చెప్పుకు తిరిగాడు.

సున్నం, ఇటుక కంకర కలిపి పరిచిన మిద్దెను తడి ఆరకముందే కొట్టాలి. ఆడకూలీలు వరసగా గొంతుక్కూర్చుని, కొయ్య సుత్తులతో పొద్దంతా కొడుతూ, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు చల్లుకుంటూ పోవాలి. నడుమ ఆపితే మిద్దె బీటలిస్తుంది. ఆ నీళ్ల కోసం మిద్దె మీద పెట్టించిన బెల్లం దిమ్మలు సేటుకు కంటి మీద కునుకు లేకుండా చేశాయి. కరక్కాయ, సున్నం అంటిన ఆ బెల్లాన్ని గొడ్డు కూడా ముట్టదు. కానీ పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది.

అందుకే కూలివాళ్లు పొద్దున్నించి పొద్దుగూకేదాకా పాడి తీరాలన్నాడు. తను కింద వసారాలో వాలుకుర్చీ వేసుకుని, వచ్చిన చుట్టాలతో, "మా కూలోల్లు ఎంత సంబురంగ పాడుతున్నరో ఇన్నరా!" అని మురిసేవాడు. చుట్టాలు తలలూపేవారు. ఆ తలలకు అంతకు మించి పనేముంది!

పాట ఎత్తేది త్రిపురారం సత్తెమ్మ. అందరికీ కూలి రూపాయిన్నర అయితే, పాట ఎత్తినందుకు ఆమెకు ఇంకో పావలా. ఆ శుక్రవారం మధ్యాహ్నం మిద్దె పెనంలా కాలుతోంది. సత్తెమ్మ పాడుతోంది గాని, ఆమె చూపంతా పక్కన కూర్చున్న కోడలు కమల మీదే ఉంది. కమల నెల బిడ్డ జ్వరం తగిలి చనిపోయి వారం తిరగలేదు. ఇంట్లో గింజ లేదు. పచ్చి బాలింత అని కూడా చూడకుండా ఆమెను పనికి తీసుకొచ్చింది తనే. సుత్తి ఎత్తినప్పుడల్లా కమల రవిక పాలతో తడుస్తోంది.

పాటలో ప్రతి చరణం చివరా అందరూ "ఉయ్యాలో" అనాలి. గుడిసెలో చీరతో కట్టిన ఉయ్యాల ఇంకా విప్పనేలేదు. కమల నోరు తెరవలేదు.

కింద సేటు చెవులు రిక్కించాడు. ఒక గొంతు తక్కువైంది. గొడుగు పట్టుకుని, ఆయాసపడుతూ నిచ్చెనెక్కి పైకొచ్చాడు.

"ఏయ్ పిల్లా! నోట్ల ఏం పెట్టుకున్నవే?"

కమల తల ఎత్తకుండా సుత్తి కొడుతూనే ఉంది.

"దానికి పాడ శాతనైతలేదు సేటూ," అంది సత్తెమ్మ. "పసిగుడ్డు పోయి వారం గూడ కాలే. జర ఇడిసిపెట్టుండ్రి. పని జేస్తనే ఉన్నది గద."

"గృహప్రవేశం పెట్టుకున్న ఇంట్ల సావు ముచ్చట తీస్తవా? సావులు ఎవలింట్ల లేవు?" అని సేటు మేస్త్రీ వైపు తిరిగాడు. "యాదగిరీ, దాని నోరు తెరిపించు."

యాదగిరి తటపటాయించాడు. కానీ రేపు కూడా పని కావాలి. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు కమల గదుమ పట్టుకుని నోరు తెరిపించాడు. ఎండిన నాలుక తప్ప ఏమీ లేదు.

"ఏం లేదు సేటూ."

"మింగిందిరా! నేనొచ్చేదాక ఉంచుకుంటదా?" అన్నాడు సేటు. "అందరి గొంతులు ఇనపడాలె. ఒక్కటి తక్కువైనా రేపు శనారం ఎవ్వలకు వారం కూలి లేదు."

బెల్లం దిమ్మలను ఒకసారి ఎగాదిగా చూసుకుని దిగిపోయాడు. మిద్దె మీద పాట మళ్లీ మొదలైంది.

సత్తెమ్మకు ఒళ్లు మండిపోయింది. సేటు మీద కోపం కొత్తదేం కాదు. కోడలి గదుమ పరాయివాడు పట్టుకుంటే చూస్తూ కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను పాడుత అత్తా," అంది కమల మెల్లగా. "నా వల్ల అందరి కూలి పోతది." నోరు తెరిచింది. "ఉయ్యా..." దగ్గరే మాట తెగిపోయింది. మళ్లీ ప్రయత్నించబోయింది.

"వద్దు బిడ్డా," అని సత్తెమ్మ తన సుత్తి పక్కన పెట్టింది.

పాట ఆగింది. ఒకరి తర్వాత ఒకరు చేతులు ఆపారు. ముసలి ముత్తమ్మ ఒక్కతే ఇంకా కొడుతోంది. ఆమె కూలి మీద ఇంట్లో ముగ్గురు బతుకుతున్నారు. ఆమె సత్తెమ్మను చూసింది, కమలను చూసింది. చివరికి ఆమె చేయి కూడా ఆగింది.

"అక్కా, ఏం జేస్తున్నవ్?" యాదగిరి పరుగున వచ్చాడు. "సున్నం ఆరుతది! మిద్దె ఖతమైతది!"

"కానియ్. బెల్లానికి కావలి కూసున్నడు గద, ఇగ మిద్దెకు గూడ ఆయన్నే కూసొమ్మను."

నిచ్చెన కిర్రుమంది. సేటు ఈసారి గొడుగు కూడా మరిచి ఎక్కాడు.

"పాటేది? దెబ్బేది? దొంగముండల్లారా, ఏం మింగుతున్నరే?"

సత్తెమ్మ లేవలేదు. కూర్చున్నచోటే అతని వైపు తిరిగింది.

"సూడు సేటూ. పొద్దుగూకేదాక సూడు."

అని నోరు బార్లా తెరిచింది. పక్కన కమల తెరిచింది. ముత్తమ్మ తన బోసినోరు తెరిచింది. వరస మొత్తం తెరిచింది. ఒక్క గొంతూ పలకలేదు.

సేటు ఒక నోటి నుంచి ఇంకో నోటికి చూస్తూ నిలబడ్డాడు. బెల్లం ఎక్కడా లేదు. అతని కాళ్ల దగ్గర, సగంలో వదిలేసిన సున్నం అంచుల నుంచి తెల్లగా ఆరుతూ వస్తోంది.