బద్వేలు చేరిన సముద్రపు పురుగులు

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం శిరీన్ కడపలోని తన కాలేజీ ల్యాబ్ తలుపు తీసేసరికి లోపల మరీ నిశ్శబ్దంగా అనిపించింది. ఎప్పుడూ గొణుగుతూ ఉండే పెద్ద ఫ్రీజర్ చప్పుడు చేయడం లేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి కరెంటు పోలేదు. మైనస్ ఎనభై చూపించాల్సిన అంకె మైనస్ ముప్పై దగ్గర ఉంది. ఆమె చూస్తుండగానే ఇంకో డిగ్రీ పైకి జరిగింది.

ఆ ఫ్రీజర్లో ఆమె పరిశోధనంతా ఉంది. అంతకు ముందు చలికాలంలో ఓడెక్కి బంగాళాఖాతం మీదికి వెళ్లింది. అక్కడ మైలుకు పైగా లోతులో, వెలుగన్నది ఎరగని చోట, నేల పగుళ్లలోంచి మీథేన్ వాయువు బుడగలుగా పైకి వస్తూ ఉంటుంది. చుట్టూ ఎంత దూరం చూసినా ఉత్త బురదే. ఆ బుడగలున్న చోట మాత్రం ఆల్చిప్పలు, తెల్లని పీతలు, దుబ్బుల్లాగా నిలబడిన గొట్టపు పురుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని బతుకుతుంటాయి. రోజుల తరబడి వట్టి బురదే పైకి తెచ్చిన యంత్రం చివరికి ఒకసారి ఆ పురుగుల గుత్తిని పట్టుకొచ్చింది. ఎవరికీ తెలియని జాతి కావచ్చని అందరూ అనుకున్నారు. వాటిని పరిశీలించే పని శిరీన్‌కు అప్పగించారు. ఓడ మళ్లీ అటువైపు ఎప్పుడు వెళుతుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే సామాను చెన్నై నుంచి రావాలన్నాడు. విశాఖపట్నంలో ఉన్న తన పరిశోధన గైడు గోపీనాథ్‌కు కూడా ఫోన్ చేసింది. కాపాడగలిగినంత కాపాడమ్మా, నీ తప్పేం లేదు అన్నారు ఆయన. ఆ మాట వినగానే ఆయన ఆశ వదులుకున్నారని ఆమెకు అర్థమైంది.

గేటు ఎదురుగా ఉన్న జ్యూస్ అంగట్లో ఐసు, పక్క కొట్లో ఉప్పు కొనుక్కొచ్చి, థర్మాకోల్ పెట్టెలో రెండూ కలిపి, పురుగుల ముక్కలున్న చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలను ఫ్రీజర్లోంచి తీసి అందులో పూడ్చింది. ఇది సాయంత్రం దాకా ఆగుతుందేమో. ఆ తరువాత? అంతకంటే చల్లనిది ఈ ఎండల్లో ఎవరి దగ్గర ఉంటుంది అని ఆలోచిస్తుంటే ఇంటి దగ్గరి గేదెల కొట్టం గుర్తొచ్చింది. పశువులు చూలు కట్టడానికి ఎద సూదులు వేసే ఓబుళేశు, విత్తనం దాచే క్యాన్ మూత తీసినప్పుడల్లా అందులోంచి తెల్లగా పొగ వచ్చేది. అది ద్రవ నైట్రోజన్. దాని చల్లదనం ముందు మైనస్ ఎనభై ఒక లెక్క కాదు.

బద్వేలు దగ్గర పల్లెలో ఉన్న తల్లి నబీసాకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఓబుళేశన్న ఊర్లోనే ఉండాడా? ఆయప్ప సూదుల క్యాన్ కావాల."

"ఏంటికిమ్మా? మన ఎనుముకు పోయిన నెలే వేయిస్తిమి కదా."

"ఎనుముకు కాదమ్మా. నా పురుగులకు."

నబీసా ఫోన్ పెట్టేసింది. చెప్పులేసుకుని ఓబుళేశు ఇంటికి బయలుదేరింది.

శిరీన్ పెట్టెను చున్నీతో చుట్టి ఒళ్లో పెట్టుకుని బద్వేలు బస్సెక్కింది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. చేపలా అని పక్కావిడ అడిగితే అలాంటివే అంది. సిద్ధవటం దాటాక రోడ్డు పని జరుగుతున్న చోట బస్సు ఆగింది. ఎంతకీ కదల్లేదు. పెట్టె మూలలోంచి నీళ్లు కారి ఆమె చీలమండ మీద పడ్డాయి. మూత తీసి చూడాలని చెయ్యి వెళ్లింది. తీస్తే చల్లదనం పోతుందని వెనక్కి తీసుకుంది. ఓడ మీద ఆ పురుగులను తన చేత్తో కడిగిన సంగతి తలుచుకోకుండా ఉండాలని రోడ్డు పక్క కంకర కుప్పలను చూస్తూ కూర్చుంది.

బద్వేలు బస్టాండులో దిగేసరికి ఓబుళేశు మోటారుసైకిల్ మీద సిద్ధంగా ఉన్నాడు. పల్లెలో నబీసా కాచుకుని ఉన్న తన ఇంటికి చేరాక అతను తన ఇబ్బంది దాచకుండా చెప్పాడు. క్యాన్‌లో నైట్రోజన్ సగం కంటే తక్కువే ఉంది. మళ్లీ నింపే బండి వచ్చేదాకా చుట్టుపక్కల ఊళ్ల పశువులకు కావలసిన విత్తనమంతా అందులోనే ఉండాలి. మూత ఎక్కువసేపు తెరిచి ఉంచితే అతని సరుకు కూడా పోతుంది.

"చోటు ఉండాదిలేమ్మా," అన్నాడు. "మూత ఒక్కసారే తీస్తా. తీసినంక తడుముకోవద్దు."

శిరీన్ థర్మాకోల్ పెట్టె మూత తీసింది. ఐసు చాలావరకు ఉప్పునీళ్లయింది. కింద మిగిలిన ముద్దలో వేళ్లు పెట్టి ఒక గొట్టం తీసి గోటితో కొట్టింది. లోపలిది కదల్లేదు. ఇంకోటి తీసింది. అదీ ఇంకా గడ్డకట్టి రాయిలాగే ఉంది. ఆమె తల ఊపింది. ఓబుళేశు మూత తీశాడు. పొగ వాళ్ల మోచేతుల దాకా కమ్మింది. గొట్టాలన్నీ అతను క్యాన్‌లోంచి పైకి లాగిన ఖాళీ గిన్నెలోకి దిగాయి. గిన్నె క్యాన్‌లోకి దిగింది. మూత పడింది.

ఆమె గుమ్మం మెట్టు మీద కూలబడి, చల్లటి చేతులు ముఖానికి ఆనించుకుని ఏడ్చేసింది. నబీసా కంగారుపడి పాడైపోయినాయా అని అడిగింది.

"లేదమ్మా. బాగుండాయి," అంది శిరీన్ ఏడుస్తూనే. "అన్నీ బాగుండాయి."

నబీసా మజ్జిగ తెచ్చి ఆమె తాగేదాకా పక్కనే కూర్చుంది. తరువాత, అవి ఏం తింటాయని అడిగింది. వాటికి నోరు లేదు, కడుపూ లేదు అని శిరీన్ చెప్పింది. ఒంట్లో కంటికి కనపడని జీవులను పెట్టుకుని కాపాడతాయట. నేలలోంచి వచ్చే వాయువు మీద ఆ జీవులు బతుకుతూ పురుగులకు కూడా తిండి తయారు చేసి పెడతాయట.

"నోరు లేకుండా బతుకుతాండాయా!" అంది నబీసా. ఓబుళేశు క్యాన్ వైపు కొత్తగా చూశాడు.

"ఫ్రీజర్ బాగయ్యేదాకా ఈడనే ఉండనీలే," అన్నాడు. "బండోళ్లతో మాట్లాడి బిరీన నింపిచ్చుకుంటా."

అన్నమాట ప్రకారమే నింపించాడు. ఫ్రీజర్ బాగయ్యాక శిరీన్ గొట్టాలను కడపకు తెచ్చుకుని, కొన్నిటిని పరీక్షకు విశాఖపట్నం పంపింది. వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆమె క్లాసుకు వెళుతుంటే గోపీనాథ్ ఫోన్ చేశారు. డీఎన్ఏ చెక్కుచెదరలేదనీ, పురుగుదీ దాని లోపలి జీవులదీ రెండూ శుభ్రంగా చదవగలిగామనీ చెప్పారు. ఆ రోజు ఫోన్‌లో నీకు ధైర్యం చెప్పాను గానీ నాకే నమ్మకం లేదమ్మా అని కూడా ఒప్పుకున్నారు.

శిరీన్ కాలేజీ వరండాలోనే నిలబడి తల్లికి ఫోన్ చేసింది. నబీసా పాలు పితుకుతోంది. ఫోన్‌ను చెంపకూ భుజానికీ మధ్య ఇరికించుకుని మొత్తం విని, "ఓబుళేశప్పకు చెప్పి వస్తా ఉండు," అని చెంబు పక్కన పెట్టి లేచింది.