రెక్క చెప్పని సంగతి

గుడ్డు పగలగొట్టుకుని వచ్చి పూటైనా గడవని కోడిపిల్లలు బెల్టు మీద దొర్లుకుంటూ వస్తున్నాయి. పెద్దమ్మ ఒకదాన్ని తీసి రెక్క విప్పింది. పై వరస ఈకలూ కింది వరస ఈకలూ సమానం. అంటే పుంజు. నల్ల తొట్టిలో వేసింది. గుడ్లు పెట్టనివాటికి ఆ హేచరీలో మేత లేదు; ఆ తొట్టిలో పడినవి మధ్యాహ్నానికి నుగ్గుచేసే యంత్రంలోకి పోతాయి.

గదిలో అందరికీ ఆమె పెద్దమ్మే; నిజానికి ఆ వరస పక్క కుర్చీలోని చెల్లెలి కూతురికే చెల్లుతుంది. ఇరవై రెండేళ్లు ఆమె పిల్లను తిరగేసి, తోక కింద నొక్కి చూసి పుంజో పెట్టో చెప్పింది. నెల క్రితం వచ్చిన సూపర్‌వైజరు, స్టాప్‌వాచ్ వదలడని అందరూ చాటున ‘గడియారం’ అనే మనిషి, రెక్క చూస్తే చాలన్నాడు. పని రెండింతలు వేగమైంది.

నలభయ్యోది కూడా పుంజే అయ్యేసరికి ఆమె చెయ్యి ఆగింది. చెల్లెలి కూతురి వైపు తిరిగింది.

"నీకు ఒక్క పెట్టయినా తగిలిందా?"

"లేదు పెద్దమ్మా. ఇవాళ అందరూ మగపెళ్లివారే!"

పెద్దమ్మ నవ్వలేదు. తొట్టిలోంచి ఒకదాన్ని తీసి, రెట్ట పిండి, దీపం కింద తెరిచి చూసింది. పుంజుకు ఉండే ఆవగింజంత బొడిపె లేదు. పెట్ట. రెండోదీ పెట్టే. మూడోది పుంజు. నాలుగోది పెట్ట.

ఎర్ర బటన్ నొక్కింది. బెల్టు ఆగింది.

"ఎవరాపారు?" గడియారం పరుగున వచ్చాడు.

"నేనే. రెక్క తప్పు చెబుతోంది."

"రెక్క కాదు, మీ కళ్లు చెబుతున్నాయేమో."

"ఈ గుడ్లు పాత షెడ్డువేనా?"

అతను చీటీ చూశాడు. "కొత్త షెడ్డువి. అయితే?"

"అక్కడ తల్లుల జాతినీ తండ్రుల జాతినీ తారుమారు చేసుంటారు. అప్పుడు పిల్లలన్నిటికీ ఒకటే రెక్క."

"ఉంటారూ గింటారూ వద్దు. బెల్టు వెయ్యండి, లేదా కుర్చీ ఖాళీ చెయ్యండి."

ఆమె ఒక పిల్లను తెరిచి అతని ముఖం ముందు పెట్టింది. "మీరే చూడండి."

"నాకేం కనబడట్లేదు."

"కనబడకపోతేనే పెట్ట. దాన్నే తొట్టిలో వేయిస్తున్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు. గడియారం చెవులు ఎర్రబడ్డాయి.

ఇన్నేళ్లలో ఎన్ని పుంజులను ఆ తొట్టిలో వేసిందో ఆమెకు తెలియదు. ఆ హక్కు ఎవరిచ్చారని తనను తాను అడిగినప్పుడల్లా దొరికిన జవాబు ఒకటే, అదీ కుంటిదే: చూసి వేస్తున్నాను. ఆ చూడటమూ మానేస్తే తానూ తొట్టీ ఒకటే.

"కుర్చీ తీసుకోండి. తొట్టి మాత్రం ఇవ్వను."

నేల మీద చతికిలబడి, తొట్టిని రెండు కాళ్ల మధ్యకు లాక్కుని, ఒక్కొక్కదాన్నే తిరగేయడం మొదలుపెట్టింది.

గడియారం పచ్చ బటన్ నొక్కాడు. బెల్టు కదిలింది. చెల్లెలి కూతురు ఒక పిల్లను తీసి, అలవాటుగా రెక్క విప్పింది. మళ్లీ ముడిచింది. దాన్ని తిరగేసి దీపానికి ఎత్తింది. ఆ పక్క కుర్చీలోని మనిషి కూడా అంతే. బెల్టు చివర పిల్లలు ఒకదాని మీద ఒకటి పోగుపడసాగాయి.

గడియారం చేతిలోని స్టాప్‌వాచ్ చూశాడు, పోగును చూశాడు, ఎర్ర బటన్ తనే నొక్కాడు.

"పెట్ట," అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే.