పగబట్టి చదివిన కథ

కుట్టుపనిలో ఉన్నవాళ్లకు పగ పెంచుకోవడానికి బోలెడంత తీరిక. కాళ్లు మిషన్ తొక్కుతుంటాయి, చేతులు గుడ్డ జరుపుతుంటాయి, బుర్ర మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఒక టైలరమ్మ మూడేళ్లుగా ఒకే మనిషిని రోజూ ఉతికి ఆరేస్తోంది. ఆ మనిషి ఒక రిటైరైన లెక్చరర్.

జరిగిందేమిటంటే, లైబ్రరీ పైగదిలో నెలకోసారి కథలు రాసేవాళ్లు కలుస్తారు. అక్కడొక పద్ధతి ఉంది. ఎవరి కథ వాళ్లు చదవకూడదు. నెల ముందే చీటీలు తీసి, ఒకరి కథ ఇంకొకరి చేతిలో పెడతారు. వాళ్లు పైకి చదువుతుంటే రాసినవాళ్లు కిమ్మనకుండా కూర్చోవాలి. చదవడం అయ్యాక మొదటి మాట కూడా చదివినవాళ్లదే. మూడేళ్ల కిందట ఆవిడ మొట్టమొదటి కథ లెక్చరర్‌గారి చేతిలో పడింది.

ఆయన దాన్ని బస్సుల టైమ్‌టేబుల్ చదివినట్టు చదివాడు. హీరోయిన్ ప్రాణం పోయే చోట ఆవలించాడు. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమంటే గదంతా ఘొల్లుమంది. చివర కాగితాలు మడిచి, "మీరు బట్టలు బాగా కుడతారని విన్నానమ్మా" అన్నాడు. అంతే, ఇంకో ముక్క లేదు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఇంకొకరైతే కథల జోలికే పోయేవారు కాదు. ఆవిడ అలాంటిది కాదు. ఆ మర్నాడే లైబ్రరీలో పేరు రాయించుకుంది. చొక్కాను తిరగేసి కుట్లు చూసినట్టు ప్రతి పుస్తకాన్నీ తిరగేసి చూసింది. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ అతుకు వేశారు, ఎక్కడ గుడ్డ చాలక లాగారు, అన్నీ పట్టుకోవడం నేర్చుకుంది. సాహిత్యం మీద ప్రేమా పాడా? ఆయన కథ ఎప్పటికైనా తన చేతికి రాకపోతుందా అని, అంతే. మధ్యమధ్యలో ఏదో పుస్తకం నచ్చి పళ్లెంలో అన్నం చల్లారిపోతే, ఆ పుస్తకం మీద కూడా కోపమొచ్చేది.

మూడేళ్లకు ఆ చీటీ వచ్చింది. ఆయన కథ, పన్నెండు పేజీలు. ఆవిడ వాటిని సంచిలో పెట్టుకుని ఇల్లు చేరేదాకా తనలో తనే నవ్వుకుంది.

మర్నాటి నుంచి షాపులో రిహార్సల్. వినడానికి ఆడపడుచు ఉంది, కాజాలు కుట్టేది ఆవిడే. వదిన ముక్కుతో మాట్లాడుతూ, ఆగాల్సిన చోటా అక్కర్లేని చోటా ఆగుతూ, పెద్ద పెద్ద మాటలను నాలుగు ముక్కలు చేసి పలుకుతుంటే ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. మూడు పేజీలు అలాగే గడిచాయి. నాలుగో పేజీలో ఒక ముసలాయన, భార్య గురించి డాక్టర్ ఏం చెబుతాడో వినడానికి బయల్దేరబోతూ బూట్లు తుడుచుకుంటాడు. రెండో బూటు కూడా తుడిచాక, మొదటిది మళ్లీ తీసుకుంటాడు.

ఆడపడుచు చేతిలో సూది ఆగిపోయింది.

"వదినా, అది మామూలుగా చదువు ఇంకోసారి."

"ఎందుకూ?"

"చదవవే బాబూ!"

చదివింది. బూటు దగ్గరికొచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆడపడుచు ముక్కు చీదుకుని మళ్లీ సూది అందుకుంది. ఆవిడకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఈ మనిషికి ఇది రాయడం ఎలా వచ్చింది? అంతకన్నా మంట ఇంకొకటి. ఆ సాయంత్రం తన పాత కథ బయటికి తీసి చూసుకుంది. అందులో బూటు లాంటిది ఒక్కటీ లేదు. హీరోయిన్ మూడు పేజీల పాటు చచ్చిపోతూనే ఉంది. కథ బాగాలేదు. ఆయన చేసింది తప్పే, కథా బాగాలేదు. ఈ రెండూ ఒకేసారి నిజమవడం ఆవిడకు ఏమాత్రం నచ్చలేదు.

ముక్కుతో చదవడం మానేసింది. ఇంతకన్నా మంచి దెబ్బ దొరికింది.

సమావేశం రోజున లెక్చరర్‌గారు ముందువరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆవిడ లేచి, ప్రతి మాటకూ ఇవ్వాల్సిందంతా ఇచ్చి చదివింది. మొదటి మూడు పేజీలకు కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి. నాలుగో పేజీకి గదిలో చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. అయిదో పేజీ నుంచి మళ్లీ దగ్గులు మొదలయ్యాయి, పన్నెండో పేజీ దాకా ఆగలేదు. చదివిన తీరు బాగాలేదని అనడానికి ఆయనకు సందు లేకుండా చేసింది.

"నాలుగో పేజీ చదివి ఏడ్చాను సార్" అంది. "ఆ బూట్లు తుడిచే మనిషిని చచ్చేదాకా మర్చిపోను. మిగతా పదకొండు పేజీలూ మీరెంత చదువుకున్నారో మాకు తెలియాలని రాశారు. కత్తిరించి పారేయండి."

ఆయన ముఖం మాడిపోయింది. చుట్టూ చూశాడు. ఎవరూ కాదనలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఎన్నిసార్లు చదివారమ్మా?"

"తొమ్మిదిసార్లు. మీరు నాది ఎన్నిసార్లు చదివారు?"

"మీదా? మీ కథ నేనెప్పుడు చదివాను?"

చీటీల డబ్బా ముందేసుకుని కూర్చున్న లైబ్రేరియన్ అందుకుంది. "మూడేళ్ల కిందట సార్. మధ్యలో ఆవలించారు కూడా."

"ఓ, అదా!" ఆయన నుదురు రుద్దుకున్నాడు. "అప్పుడు ఇంటి దగ్గర తెరవడమే కుదర్లేదమ్మా. ఇక్కడికొచ్చాకే మొదటిసారి చూశాను."

వెటకారం చేశాడనుకుని మూడేళ్లు కుమిలింది. వెటకారం చెయ్యాలన్నా ముందు చదవాలి కదా. ఈ పెద్దమనిషి ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు. ఆవిడ రక్తం సలసల కాగింది. సంచిలో చెయ్యి పెట్టి, మడతల దగ్గర చిరగబోతున్న ఆ పాత కాగితాలే తీసి ఆయన ఒళ్లో పెట్టింది. కావాలంటే ఈపాటికి దాన్ని బాగుచేసి ఉండేది, ఎలాగో ఇప్పుడు తెలుసు. పంతం కొద్దీ బాగుచెయ్యలేదు.

"ఇదే ఆ కథ. ఒక్క ముక్క కూడా మార్చలేదు. మీరూ తొమ్మిదిసార్లు చదవండి. వచ్చే నెల ఎక్కడెక్కడ కత్తిరించాలో అందరి ముందూ చెప్పాలి. చదవకుండా చెబితే నాకు తెలిసిపోతుంది."

ఆయనకిక చీటీ అక్కర్లేదని లైబ్రేరియన్ చీటీల డబ్బా మూత పెట్టేసింది. ఆయన మొదటి పేజీలో నాలుగు లైన్లు చదివాడు. పేజీ తిప్పి చూశాడు. ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాడు.

"తొమ్మిదిసార్లా అమ్మా?" అన్నాడు దీనంగా.

"మొదటి ఎనిమిదిసార్లే కష్టం సార్."