నలభై రెండో నంబరు నోరు

పళ్ళ మేస్త్రి పరాయి దేశం వెళ్ళి ఏడో నెల నడుస్తోంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి, ఆ వారం చూసిన వింతలన్నీ భార్యకు ఏకరువు పెట్టడం ఆయనకు అలవాటైపోయింది. ఇక్కడ బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ఉంటారనీ, ఎదురు వాటాలో ఉండే ఆయన ఇన్ని నెలల్లో ఒక్కసారైనా “ఏ ఊరు, ఎంతమంది పిల్లలు” అని అడిగిన పాపాన పోలేదనీ చెప్పేవాడు. నవ్వొచ్చినా పెదాలు విప్పరని చెప్పినప్పుడు మాత్రం ఆవిడకు ఒళ్ళు మండింది.

“నోరు విప్పకుండా నవ్వితే మీరు కట్టిన పళ్ళు ఎవరికి కనబడతాయండీ? ఇక ఆ పళ్ళెందుకు వాళ్ళకి?” అంది.

మేస్త్రి పని కట్టుడు పళ్ళు చేయడం. పంతొమ్మిదేళ్ళ చెయ్యి. ఎంత చెయ్యి ఉంటే ఏం లాభం, ఊళ్ళో పనిచేసేది బావమరిది ల్యాబులో. తన పెళ్ళిలో నిక్కరు వేసుకుని విస్తళ్ళ మధ్య పరిగెత్తిన కుర్రాడు ఇవాళ తిరిగే కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ ముందు “బావా, ఆ సెట్టు త్వరగా కానివ్వు” అంటుంటే, తలొంచుకుని మైనం కరిగించుకోవాలి. సొంతంగా బోర్డు పెట్టుకోవాలంటే పట్టా కావాలి. ఈ దేశంలో, ఈ ల్యాబులో ఏడాది చేస్తే ఆ పట్టా ఇస్తారు. అందుకే మెళ్ళో గొలుసు తీసిచ్చి మరీ ఆవిడ ఆయన్ని విమానం ఎక్కించింది. బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా అప్పుడే తేల్చేసింది.

పట్టాకి ఒకటే మెలిక. చేసిన సెట్లలో ఏ ఒక్కటైనా నాలుగుసార్లు వాపసు వచ్చిందంటే పట్టా లేదు. గడువు తీరేదాకా పనిచేసుకుని, ఉత్త చేతులతో ఇంటికి పోవడమే.

ల్యాబంటే ఒక పొడుగాటి గది. పదమూడు బల్లలు, పదమూడు దీపాలు. ఉదయం ఒక్కో బల్ల మీద ఒక్కో డబ్బా పెట్టి పోతారు. అందులో సుద్దపిండితో పోసిన చిగుళ్ళ అచ్చు, ఒక చీటీ, ఒక నంబరు ఉంటాయి. ఆ నోరు ఆడమనిషిదో మగమనిషిదో కూడా చేసేవాడికి తెలియదు. మేస్త్రికి ఇదే మింగుడుపడలేదు. మనదగ్గర మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కోడలు ఎలా చూసుకుంటోంది, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అని కబుర్లు చెప్పించి గాని ఆయన మైనం ముట్టుకోడు. మాట్లాడే మనిషికి దవడ దానంతటదే ఎక్కడుండాలో అక్కడికి వస్తుంది. ఆ చోటు పట్టుకోవడమే అసలు పని, మిగతాదంతా కూలిపని అనేవాడు.

ఆ ల్యాబు పెద్ద ఒక పెద్దావిడ. కోటు జేబులో ఎప్పుడూ ఇత్తడి స్కేలు ఉంటుంది కనుక మేస్త్రి ఆవిడకు కొలతలమ్మ అని పేరు పెట్టుకున్నాడు. ఆవిడ తిట్టదు, పొగడదు. కొలుస్తుంది, రాసుకుంటుంది, వెళ్ళిపోతుంది.

ఆరో నెలలో నలభై రెండో నంబరు డబ్బా మేస్త్రి బల్ల మీదకు వచ్చింది. చేసి పంపాడు, తిరిగొచ్చింది. సరిచేసి పంపితే మళ్ళీ వచ్చింది. మూడోసారి కొత్తగా చేసిచ్చినా అదే తంతు. చీటీ మీద ప్రతిసారీ ఒకటే మాట: “అసౌకర్యం”. ఎక్కడ, ఎందుకు, ఏం తింటుంటే అన్న వివరం లేదు. మేస్త్రికి తల ప్రాణం తోకకొచ్చింది.

కొలతలమ్మ స్కేలు తీసి కొలిచింది.

“కొలతలు సరిపోయాయి” అంది.

“కొలతలు సరిపోయాయండీ, నోరే ఒప్పుకోవడం లేదు. నేనొకసారి ఆ మనిషిని చూడొచ్చా?”

మిగతా పన్నెండు తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఆవిడ స్కేలు జేబులో పెట్టుకుంది.

“కూడదని ఎక్కడా లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. దరఖాస్తు పెట్టు” అంది.

తొమ్మిదో రోజున అనుమతి వచ్చింది. “మన పెళ్ళిచూపులకి కూడా ఇంత తతంగం జరగలేదు” అంది భార్య ఫోన్లో.

గురువారం పదకొండింటికి నలభై రెండో నంబరు వచ్చాడు. పొడుగాటి ముసలాయన. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న కోటు, బుగ్గలు లోపలికి పోయిన మొహం. నమస్కారానికి తల ఊపాడు, అంతే. తెరవమంటే సొరుగు తెరిచినట్టు నోరు తెరిచాడు, మూయమంటే మూశాడు. పళ్ళ వరుసల్లా మలిచిన మైనం కట్టలు నోట్లో పెట్టి కొరకమంటే, దవడ ముందుకు తోసి శత్రువుని కొరికినట్టు కొరికాడు. అలా పది సార్లు. కొలతలమ్మతో పని మాటలు నెట్టుకొస్తాడు గాని, ఈయన్ని కబుర్లలో పెడదామంటే మేస్త్రికి ఆ భాషలో వచ్చినవన్నీ పిండి, మైనం, వేడినీళ్ళ గురించే. ఇంట్లో ఎవరున్నారని ఎలాగో కూడబలుక్కుని అడిగాడు. ముసలాయన ఒక వేలు చూపించి, ఆ వేలు తన గుండెకే ఆనించుకున్నాడు.

అరగంట గడిచేసరికి మేస్త్రికి ఓపిక నశించింది. పట్టా చేజారిపోతోందన్న భయమంతా కోపమై తెలుగులో బయటికొచ్చింది.

“ఏం మనిషివయ్యా నువ్వు! బెల్లం కొట్టిన రాయిలా ఉలుకూ పలుకూ లేదేంటి? నీ దుంపతెగ, నీ దవడకోసం నేను పెళ్ళాం పిల్లల్ని వదిలి ఇంత దూరం వచ్చానా? అది ముందుకెందుకు తోస్తావ్, ఎవర్ని కరుద్దామని?”

ముసలాయన కళ్ళు పెద్దవయ్యాయి. మొహం ఎర్రబడింది. మరుక్షణం ఆయనా అందుకున్నాడు. ఏమన్నాడో మేస్త్రికి ఒక్క ముక్క తెలియదు గాని, తిట్టుకి అర్థం అక్కర్లేదు కదా! ఈయన ఒకటంటే ఆయన రెండన్నాడు. మైనం కట్టలు నోట్లో ఉండగానే బల్ల గుద్ది మరీ తిట్టాడు. గదిలో అందరి పనీ ఆగిపోయింది. చివరికి ముసలాయన అలిసిపోయి, ఆయాసపడుతూ నోరు మూశాడు.

“ఆఁ! అలాగే! కదలకు!” అని మేస్త్రి ఒక్క ఉదుటున లేచి, వేడి చాకు మొనతో పై కట్టనీ కింది కట్టనీ అక్కడికక్కడే అంటించేశాడు. తీసి చూస్తే ఏముంది, దవడ మునుపటికన్నా పావంగుళం వెనక్కి వెళ్ళింది.

కొత్త సెట్టు వెళ్ళింది. వారమైంది, రెండు వారాలైంది, తిరిగి రాలేదు. కొలతలమ్మ ఏమీ అనలేదు. ఇక్కడ ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడమని మేస్త్రి భార్యకు చెప్పాడు. “దేశమేనా అది!” అని ఆవిడ నవ్వేసి, బోర్డుకి దీపాలు కూడా పెట్టిద్దామంది.

మూడో వారం డబ్బా వచ్చింది. నలభై రెండు. చీటీ మీద ఈసారి రెండు మాటలు ఎక్కువ: “అసౌకర్యం. చేసినవాణ్ణి కలవాలి.” మేస్త్రి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు, ఇది నాలుగోది.

గురువారం ముసలాయన తల నున్నగా దువ్వుకుని, బూట్లు మెరిసేలా తుడుచుకుని వచ్చాడు. మేస్త్రి సెట్టు నోట్లో పెట్టి చూశాడు. వేలేసి లాగినా ఊడలేదు. పళ్ళ అంచులు రోజూ నమిలి నునుపు తేలి ఉన్నాయి. ఎక్కడా ఒరుసుకున్న గుర్తు లేదు. ఇంతలో ముసలాయన బల్ల మీద ఒక్కటి చరిచి, పోయినసారి తిట్టిన మొదటి తిట్టే మళ్ళీ తిట్టాడు. తిట్టి, మేస్త్రి మొహంలోకి ఆశగా చూస్తూ కూర్చున్నాడు.

మేస్త్రికి అప్పుడర్థమైంది. ఆయన వచ్చింది పళ్ళకోసం కాదు.

కొలతలమ్మ కాగితం, పెన్ను పట్టుకుని వచ్చి నిలబడింది.

“లోపం ఉందా, లేదా?”

మనిషిని ఎదురుగా చూసి లేదని చెబితే ఈ వాపసు లెక్కలోకి రాదు, పట్టా నిలబడుతుంది. ఆ చీటీ మూసేస్తారు, ముసలాయన్ని మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వరు. ఉందంటే ఇది నాలుగో వాపసు. మేస్త్రికి బావమరిది కుర్చీ కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ముసలాయన తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

“ఉందండీ. ఒక్కసారికి తేలేది కాదు. ప్రతి గురువారం రావాలి” అన్నాడు మేస్త్రి.

ఆవిడ వంగి, ముసలాయన నోట్లో బొటనవేలు పెట్టి సెట్టు కదిపి చూసింది. నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి, ఆవిడకు తెలియదా? చెయ్యి తుడుచుకుని మేస్త్రి వంక తేరిపార చూసింది.

“పట్టా సంగతి తెలుసు కదా?”

“తెలుసండీ.”

చెప్పింది చెప్పినట్టు రాసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం ఫోన్లో మేస్త్రి వింతలేవీ చెప్పలేదు. సెట్టు నాలుగోసారి తిరిగొచ్చిందనీ, పట్టా పోయిందనీ చెప్పాడు.

“మీ పళ్ళు తిరిగి రావడమేంటి? పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. నా దగ్గరా నాటకాలు?” అంది ఆవిడ.

ఇక దాచలేక జరిగిందంతా చెప్పాడు.

“నాకు ఏడుపొస్తోందండీ” అంది ఆవిడ. “తమ్ముడి ముందు మీరు చేతులు కట్టుకుని నిలబడితే చూడలేకే కదా మిమ్మల్ని అంత దూరం పంపింది! నన్నొక్క మాట అడగాలనిపించలేదా?”

“టైమెక్కడుందే? ఆవిడ పెన్ను పట్టుకుని నెత్తి మీద నిలబడితే.”

ముక్కు చీదుకోవడం వినిపించింది.

“ఆయనకి నిజంగా ఎవరూ లేరా?”

“ఉంటే నా దగ్గరికొచ్చి తిట్లు తింటాడా?”

“మళ్ళీ ఎప్పుడొస్తాడు?”

“గురువారం పదకొండింటికి.”

“అయితే ఆ టైముకి నాకు ఫోన్ కలిపి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టండి.”

“ఎందుకే?”

“ఎందుకేమిటి? నా బోర్డు మింగేసిన మనిషిని నేనూ నాలుగు తిట్టుకోకూడదా? మీకొచ్చిన తిట్లు ఏపాటివి, అరగంటకే అయిపోతాయి.”