పునాది కాదు, బేస్

బేస్ అంటే పునాది అని మా బావమరిది ఎవరు కనిపిస్తే వాళ్ళకి చెప్తాడు. నన్ను చూపించి మరీ చెప్తాడు. "మా బావే నా పాటలకి బేస్. ఈయన లేకపోతే బిల్డింగు కూలిపోతుంది." వినేవాళ్ళు తలలూపుతారు. నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంగ్లీషులో అవి రెండు వేరే మాటలు. చెవికి ఒకేలా వినిపిస్తాయి, మన అక్షరాల్లో రాసినా ఒకేలా ఉంటాయి, అంతమాత్రాన చుట్టాలైపోవు. ఒకటి పునాది. ఇంకొకటి కిందిస్థాయి నాదం, నా గిటారుకున్న నాలుగు లావుపాటి తీగల మీద పలికేది. పునాది తవ్వేస్తే ఇల్లు పడిపోతుంది. పాటలోంచి బేస్ తీసేస్తే ఏమీ పడిపోదు. కాస్త పలచబడుతుంది, అంతే. ఎవరూ పట్టించుకోరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ తీగలు మీటుతున్నవాణ్ణి, నాకు తెలియదా? ఈ సంగతి వాడికి వందసార్లు చెప్పాను. "నీతో వాదించలేను బావా" అని నవ్వేస్తాడు. ఇంకొకడు రాగానే మళ్ళీ అదే మొదలు.

వాడు సంగీత దర్శకుడు, మా ఆవిడకి తమ్ముడు. వాళ్ళ మేడమీద గదికి గోడల నిండా స్పాంజి అతికించి, కిటికీకి పాత పరుపు అడ్డంపెట్టి స్టూడియో అన్నాడు. అక్కడ అందరికంటే ముందు వాయించేది నేనే. అప్పటికి పాట అంటూ ఏమీ ఉండదు. పాడేవాడు ఉండడు, మాటలు రాసి ఉండవు. చెవుల్లో టక్ టక్ అని లెక్క వినిపిస్తుంటే దాని మీద నా తీగలు వాయించేసి, వైరు చుట్టుకుని ఇంటికి వచ్చేస్తాను. తర్వాత ఒక్కొక్కరే వచ్చి తమది పైన పేర్చుకుంటూ పోతారు. పాట బయటికొచ్చాక ఊరందరితో పాటే నేనూ వింటాను. బస్సులో ఏదో పాట వస్తుంటే, ఇది నేను వాయించిందే కదా అని రెండు స్టాపులు దాటాక గుర్తుపట్టిన రోజులున్నాయి.

ఏడాదిగా నా ఎడమచేతి ఉంగరపు వేలు మొద్దుబారుతోంది. తీగ మీద పెడితే పెట్టినట్టే తెలియడం లేదు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, వాయించడం మానెయ్యమన్నాడు. అదే సమయానికి ఒక పెద్ద స్కూల్లో సంగీతం మాస్టారు ఉద్యోగం ఖాళీ అయింది. ప్రిన్సిపాల్ మేడమ్ స్వయంగా పిలిచి, ఏ సంగతీ నెలాఖరు శుక్రవారం లోపు చెప్పమంది. "నోరు మూసుకుని చేరిపొండి" అంది మా ఆవిడ. పిల్లలకి సరిగమలు చెప్పుకుంటూ బతకమంటావా అని నేను విసుక్కున్నాను.

దీనికంతటికీ ముందే బావమరిది నాకొక మాట ఇచ్చి ఉన్నాడు. "ఈ పాట మొదట్లో ఎనిమిది బార్లు నీకే బావా. డ్రమ్ము లేదు, వయొలిన్ లేదు. నీ బేస్ ఒక్కటే వినపడాలి." ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరూ నాకు అలాంటి చోటు ఇవ్వలేదు. సంతోషం పట్టలేక కింద వాటాలో ఉండే దర్జీకి చెప్తే, "ఎనిమిది బార్లెందుకండీ, ఒకటి సరిపోదా" అన్నాడు. బార్లంటే తాళంలో చుట్లని అతనికి చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

రికార్డింగు రోజు పదకొండుసార్లు వాయించాను. ప్రతిసారీ ఆరో చుట్టు దగ్గర ఉంగరపు వేలు ఆలస్యంగా దిగింది. పదకొండోసారి బావమరిది అద్దం అవతల నుంచి, "అదిరింది బావా, చాలు" అన్నాడు. వాడి పక్కనే కూర్చున్న మా ఆవిడ తల ఎత్తలేదు. వాడు అబద్ధం చెప్తున్నాడని నాకు తెలుసు. నమ్మితే హాయిగా ఉంటుంది కాబట్టి నమ్మాను.

పాట మూడు వారాల తర్వాత ఒక గురువారం, స్కూలు గడువుకి ముందురోజు వచ్చింది. ఆ ఉదయం మా ఆవిడతో అన్నాను: "ఆ ఎనిమిది చుట్లు విని తేల్చుకుంటాను. బాగుంటే నా చేతికి ఏ రోగమూ లేదన్నట్టు. బాగాలేకపోతే నీ మాటే, స్కూల్లో చేరిపోతాను."

ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపేసింది. "పాటకీ స్కూలుకీ ఏం సంబంధమండీ?"

"నీకేం తెలుసు" అన్నాను. మా ఇంట్లో సంగీతం మాట వచ్చినప్పుడల్లా ఆవిడకి నేనిచ్చే జవాబు అదే.

సాయంత్రం దర్జీనీ ఆయన భార్యనీ కూడా పిలిచాను. ఫోన్లో బేస్ వినపడదు కాబట్టి పెద్ద స్పీకర్లు కలిపాను. మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆరో చుట్టు వచ్చేసరికి ఊపిరి బిగబట్టాను. వేలు ఠంచనుగా దిగింది. ఎనిమిదో చుట్టు చివర పై స్వరం నుంచి కింది స్వరానికి కాస్త బద్ధకంగా జారడం నా అలవాటు. అది కూడా అచ్చంగా పడింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"విన్నారా ఆ జారుడు? అది నా సంతకం. ఇంకెవడి తరమూ కాదు" అన్నాను దర్జీతో. మా ఆవిడ వైపు తిరిగి, "చెయ్యి పనికిరాదన్నావుగా, ఇప్పుడు చెప్పు" అన్నాను. ఆవిడ ఖాళీ కప్పులు పోగుచేసుకుని లోపలికి వెళ్ళింది.

అక్కడే, వాళ్ళందరి ముందే, ప్రిన్సిపాల్‌కి ఫోన్ కలిపాను. మా ఆవిడ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రేపటిదాకా గడువుంది కదండీ. ఒక్క మాట వినండి." విదిలించుకున్నాను. నాకు మీ ఉద్యోగం అక్కర్లేదని చెప్పాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. నేర్పడం చేతకానివాళ్ళు చేసే పని, మేడమ్, అని కూడా అన్నాను. దర్జీ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఎంత బాగుందో.

శనివారం పొద్దున్నే బావమరిది వచ్చాడు. కూర్చోలేదు.

"తొందరపడ్డావు బావా. స్కూలు వద్దన్నావని అక్క చెప్పింది. వచ్చే నెల రికార్డింగుకి నిన్ను పిలవలేను."

"ఏం, ఎలా వాయించానో వినలేదా?"

"అది నువ్వు కాదు." చెప్పులు చూసుకుంటూ అన్నాడు. "నీ పదకొండింట్లో ఒక్కటీ పనికిరాలేదు. మొత్తం తీసేశాను."

ముందు కోపం వస్తుందనుకుంటారు. రాలేదు. అసూయ వచ్చింది. అంత బాగా వాయించినవాడు ఎవడు?

"ఎవడు వాడు? నా జారుడు వాడికెలా తెలుసు?"

వాడు వంటింటి వైపు చూశాడు. "అక్క. కీబోర్డులో బేస్ శబ్దం పెట్టుకుని వాయించింది. నీ పద్ధతి నాకే సరిగ్గా తెలియదు బావా. అక్కకి తెలుసు, రోజూ గోడ అవతల వింటుంది కదా."

పెళ్ళికి ముందు ఆవిడ తమ్ముడితో కలిసి వేదికల మీద కీబోర్డు వాయించేది. ఒక ఇంట్లో ఒక వాద్యం చాలని నేనే మాన్పించాను. ఇరవై ఆరేళ్ళయింది. ఆ సంగతే మర్చిపోయాను.

వాడు వెళ్ళిపోయాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ స్టవ్వు తుడుస్తోంది.

"నలుగురిలో నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"నలుగురిలో నవ్వులపాలు కాకూడదనే చేశాను. స్కూలుకీ దానికీ ముడిపెడతారని నాకేం తెలుసు? చెప్పబోయాను, చెయ్యి విదిలించారు."

"సరే. సోమవారం ఆవిడ కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను."

"నిన్ననే నేను అడిగాను." గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. "చేతకానివాళ్ళు ఇంకొకరు దొరికారట."

ఇక ఆ ఇంట్లో నేను అడగగలిగింది ఒక్కటే మిగిలింది. అడగకుండా ఉండాల్సింది.

"నాలా వాయించడానికి ఎన్నాళ్ళు సాధన చేశావు?"

"సాధనేంటండీ? వాడింట్లో ఒక మధ్యాహ్నం కూర్చున్నాను" అంది. "మధ్యలో లేచి, మాత్ర వేసుకున్నారా అని మీకు ఫోన్ కూడా చేశాను."

చేసింది, గుర్తుంది. గిటారు పట్టుకుని ఉన్నప్పుడు విసిగించొద్దని ఎన్నిసార్లు చెప్పాలని కసిరి, ఫోన్ పెట్టేశాను.